రెండు నెలల తర్వాతి గుండు

ప్రగతినగర్‌లో మా చెల్లెలి ఇంటి హాల్లో గోడకు నా ఫోటో ఒకటి ఉంది. ఏడేళ్ళుగా ఆ ఇంటికి ఎప్పుడు వెళ్ళినా దానికి వీపు పెట్టి కూర్చుంటున్నాను. సోఫాలో ఆ మూల నాదని ఇంట్లో అందరికీ తెలుసు. ఎందుకో ఎవరికీ తెలియదు. ఈ ఏడేళ్ళు నేను మోసిన బరువంతా ఆ ఫోటోలో ఉంది. అడుగున్నర పొడుగు, అడుగు వెడల్పు, చెక్క ఫ్రేము.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెబితే అసహ్యించుకుంటారు, లేదా ఓదారుస్తారు. అసహ్యించుకుంటే న్యాయం. ఓదార్పు మాత్రం వద్దు. మీరు ఇవ్వబోయినా తీసుకోను.

ఫోటోలో నేను గుండుతో ఉన్నాను. నా పక్కన, దండ వేసిన ఇంకో ఫోటోలో, మా చిన్నమ్మ.

చిన్నమ్మ మా నాన్న రెండో భార్య. మా అమ్మ పోయినప్పుడు నాకు ఏడేళ్ళు. ఏడాది తిరిగేసరికి ఈమె వచ్చింది. ఇంకో మూడేళ్ళకు స్వప్న పుట్టింది. మాది అప్పట్లో హఫీజ్‌పేట. సవతి తల్లి అనగానే మీకు తోచేవేవీ ఆమె చేయలేదు. కొట్టలేదు, మాడ్చలేదు, స్వప్నకు ఒకటి నాకు ఒకటి పెట్టలేదు. ఏమైనా చేసింది నేనే. ఆమె కలిపిన అన్నం తినేవాణ్ణి కాదు, విడిగా కలుపుకునేవాణ్ణి. ఆమె పిలిస్తే రెండోసారి పలికేవాణ్ణి. ఎవరైనా అడిగితే 'మా నాన్న భార్య' అని చెప్పేవాణ్ణి.

ఆమెకు చదువు రాదు. నాన్నది ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం కాబట్టి, నా ప్రోగ్రెస్ కార్డు మీద పెట్టడానికని ఆమెకు సంతకం నేర్పాడు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఆమె మొదటిసారి సంతకం పెట్టింది. తల్లి అని ఉన్న చోట, గీత దాటకుండా, ఒక్కో అక్షరం ఆగి ఆగి. బడికి వెళ్తూ దారిలో దాన్ని బ్లేడుతో గీకేశాను. కార్డు అక్కడ చిరిగింది. ఇదేమిటని సారు అడిగితే, మా అమ్మ లేదు, ఎవరో పెట్టారు అన్నాను. సారు ఆమెను పిలిపించాడు. స్వప్నను చంకనేసుకుని వచ్చి క్లాసు గుమ్మం దగ్గర నిలబడింది. సారు చెప్పిందంతా అందరి ముందూ విన్నది. 'తప్పయింది సారూ' అని వెళ్ళిపోయింది. నాన్నకు చెప్పలేదు. మళ్ళీ నా కార్డు మీద సంతకం పెట్టలేదు.

ఇది నేను చెప్పదలచుకున్న తప్పు కాదు. అప్పుడు నాకు పదకొండేళ్ళు. ఆ వయసును అడ్డం పెట్టుకోవచ్చు. తర్వాతి దానికి అడ్డం ఏమీ లేదు. అప్పటికి నలభై దాటాయి. మాదాపూర్‌లో మంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంట్లో రెండు బీరువాల పుస్తకాలు. మనుషుల మనసుల గురించి ఎంతమంది ఎన్ని విధాలుగా రాశారో చదివినవాణ్ణి.

ఆ ఏడు నేనూ నా భార్య మాధవీ ఓడ ప్రయాణానికి డబ్బు కట్టాం. సింగపూర్ నుంచి ఐదు రాత్రుల క్రూజ్. పెళ్ళయి పదిహేనేళ్ళు నిండుతున్నాయని మాధవి కోరిక. మా ఆఫీసుకు రెండు వీధుల అవతల ఉన్న ట్రావెల్స్ వాళ్ళకు లక్షా ఇరవై వేలు అడ్వాన్సు ఇచ్చాను. మానుకుంటే అడ్వాన్సు తిరిగి రాదని కాగితంలో రాసి ఉంది. పక్కన చిన్న గడి. ఆ గడిలో టిక్కు పెట్టింది నేనే.

ఓడ ఇంకా నాలుగు నెలలు ఉందనగా చిన్నమ్మకు పక్షవాతం వచ్చింది. నాన్న పోయినప్పటి నుంచి ఆమె స్వప్న దగ్గరే ఉంటోంది. దవాఖానలో చేర్చిన మూడో రోజు డాక్టరు మమ్మల్నిద్దర్నీ పిలిచి, ఆశ పెట్టుకోవద్దన్నాడు. స్వప్న అక్కడే కుర్చీలో కూలబడింది. నేను కిందికి, పార్కింగులోకి దిగాను. నాన్నకు కర్మ చేయించిన పంతులుగారికి ఫోన్ చేశాను.

ఏం అడిగానో చెప్పాలి. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. కర్మ చేసినవాడు ఏడాదిలోపు సముద్ర ప్రయాణం చేయవచ్చా అని అడిగాను. 'చేయరాదు నాయనా. ఎవరు పోయారు?' అన్నారాయన. ఎవరూ పోలేదని ఫోన్ పెట్టేశాను. అప్పటికి ఆమె మూడో అంతస్తులో ఊపిరి తీసుకుంటూనే ఉంది.

నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. నమ్మకం లేనివాడు ఎందుకు అడిగాడు? నిప్పు పెట్టి ఓడ ఎక్కితే ఎవరు ఆపుతారు? ఎవరూ ఆపరు. కానీ నాన్న పోయినప్పుడు నేను ఏడాది పట్టాను. పండగ చేయలేదు, గుడి మెట్లు ఎక్కలేదు. ఈమెకు కర్మ చేసి నాలుగు నెలలకే ఓడ ఎక్కితే రెండు వైపుల చుట్టాలూ వేలు చూపిస్తారు. మాధవి అసలే రాదు. నమ్మకం పోయిన తర్వాత కూడా భయం మిగిలే ఉంటుంది, మా ఇళ్ళల్లో. ఆ భయంతోనే లెక్క వేశాను. కర్మ చేస్తే ఓడ లేదు. ఓడ లేకపోతే డబ్బు రాదు.

మర్నాడు పొద్దున ఆమె పోయింది. దవాఖాన వరండాలో మా కాక అందరి ముందూ నా భుజం మీద చెయ్యి వేశాడు. నాన్నకు తమ్ముడు ఆయన.

"నడువ్‌రా. నిప్పు నువ్వే పట్టాలె."

"నేను ఆమె కొడుకును కాను, కాకా."

గొంతు తగ్గించి అనవచ్చు. తగ్గించలేదు. నర్సులు కూడా తిరిగి చూశారు.

"ఏం మాటరా అది? పెంచింది గద. కొడుకుండంగ ఆడపిల్ల నిప్పు వెడ్తదా?"

"వద్దు కాకా," అంది స్వప్న. నా వైపు చూడలేదు. "బతిలాడకు. మా అమ్మకు నేనున్న."

స్వప్నే పెట్టింది. నేను శ్మశానంలో గేటు పక్కన, చుట్టాల వెనక నిలబడ్డాను. పదకొండో రోజు భోజనానికి వెళ్ళి, ఆఫీసు పని ఉందని సగంలో లేచాను.

ఏళ్ళ తరబడి ఉన్న ద్వేషం వల్ల అలా అన్నానని చుట్టాలంతా అనుకున్నారు. నేనూ అలాగే అనుకోనిచ్చాను. ద్వేషానికి ఒక మర్యాద ఉంది. తల్లిని పోగొట్టుకున్న పిల్లవాడు, మనసులో మానని పుండు, ఇలా ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. నిజం అంత పెద్దది కాదు. లక్షా ఇరవై వేలు. ఐదు రాత్రులు. సముద్రం వైపు బాల్కనీ ఉన్న గది.

ఆ ఓడ నేను ఎక్కలేదు. రెండు నెలలు గడిచాక మా ప్రాజెక్టు లైవ్‌కు వెళ్ళే తేదీ జరిగి సరిగ్గా ఓడ బయలుదేరే వారంలో పడింది. ఆ పదిహేను రోజులు ఎవరికీ సెలవు లేదని మేనేజరు మెయిల్ పెట్టాడు. బతిమాలాను. పనికాలేదు. ట్రావెల్స్ ఆఫీసుకు వెళ్ళాను. అక్కడ కౌంటర్లో ఒక అమ్మాయి, మాటను బట్టి గోదావరి వైపు మనిషి.

"నాన్ రిఫండబుల్ అండి. మీరు టిక్కు పెట్టారు కదండి."

అరిచాను. కన్స్యూమర్ కోర్టుకు పోతానన్నాను. మీది దొంగల దుకాణమన్నాను. ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది కానీ గొంతు మారలేదు.

"వెళ్ళండి సార్. ఆఫీసు లీవు దొరక్కపోతే మేమేం చేస్తామండి? ఇంట్లో ఎవరైనా పోతే తప్ప వెనక్కి ఇవ్వరండి. అమ్మ, నాన్న, భార్య, పిల్లలు. అంతే."

నేను ఎంతసేపు ఆగానో గుర్తు లేదు. ఎక్కువసేపు కాదు.

"మా అమ్మ పోయింది," అన్నాను. "రెండు నెలలైంది."

ఆ అమ్మాయి లేచి నిలబడింది. సారీ అండి, సారీ అండి అంటూ మంచినీళ్ళు తెప్పించింది. ఇంతసేపూ తిట్టిన మనిషికి మంచినీళ్ళు. ఆ తర్వాత, చాలా మెల్లగా, కర్మ మీరే చేశారాండి అని అడిగింది. ఓడకు ఇంకా రెండు నెలలుంది కాబట్టి పోయారన్నది ఒక్కటే చాలదట. ఏడాది ప్రయాణం కూడదు కదా, ఆ కారణం మీద రాస్తే ముంబై హెడ్డాఫీసు వాళ్ళు ఒప్పుకుంటారట. నేనే చేశాను అన్నాను. అప్పుడు ఆమె చూపు నా జుట్టు మీద పడింది. నా జుట్టు అప్పుడు చెవుల మీదికి ఉంది.

"నాకు తొందరగా పెరుగుతుంది," అన్నాను.

నమ్మిందో లేదో తెలియదు. డెత్ సర్టిఫికెట్టు, నోటరీ చేయించిన అఫిడవిట్టు, వీలైతే ఆ టైములో గుండుతో తీసిన ఫోటో ఏదైనా ఒకటి పంపమంది. ముంబైలో వాళ్ళకి మన పద్ధతులు అర్థం కావండి, ఫోటో చూస్తే మాట్లాడరు అంది. సహాయం చేద్దామనే చెప్పింది పాపం.

ఆ శనివారం సాయంత్రం హఫీజ్‌పేట స్టేషన్ దగ్గర, నన్ను ఎవరూ గుర్తుపట్టని చిన్న షాపు చూసుకుని కూర్చున్నాను. గుండు అనగానే మంగలి అద్దంలో నన్ను చూశాడు.

"మొక్కా అన్నా?"

ఊఁ అన్నాను. ఏ దేవుడికని అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాణ్ణో.

సర్టిఫికెట్టు స్వప్న దగ్గర ఉంది. ఆదివారం పొద్దున ప్రగతినగర్ వెళ్ళాను. దారిలో నా ఆలోచనంతా ఫోటో గురించే. చిన్నమ్మ ఫోటో వాళ్ళ హాల్లో ఉంటుంది. స్వప్న లోపలికి వెళ్ళినప్పుడు పక్కన నిలబడి ఫోన్‌తో నేనే తీసుకోవాలి. స్వప్న తలుపు తీసింది. రెండు నెలలుగా మా మధ్య మాటల్లేవు. నా తల వైపు చూసింది. తలుపు రెక్క వదల్లేదు.

"ఎప్పుడు తీసిచ్చుకున్నవ్?"

"నిన్న."

"ఓహో. రెండు నెల్లకు యాదికొచ్చిందా మా అమ్మ?"

నేను ఆమె భుజం మీదుగా హాల్లోకి చూశాను.

"మాట్లాడవేంది? ఆ దినం దవాఖానల మైకు వెట్టినట్టు అన్నవ్ గద, కొడుకును కానని. ఇప్పుడేమైంది? గుండు చేస్కుంటే కొడుకువైనవా?"

"డెత్ సర్టిఫికెట్ కాపీ ఒకటి కావాలి, స్వప్నా."

"ఎందుకు?"

ఏ అబద్ధం చెప్పాలో కారులో ఆలోచించుకునే వచ్చాను. బ్యాంకు పని అందామనుకున్నాను. ఆ మాట రాలేదు.

"నా దగ్గర ఒకటి ఉండాలి," అన్నాను.

అది అబద్ధం కూడా కాదు. అందుకే అంత బాగా పనిచేసింది. ఆమె ముఖం నా కళ్ళ ముందే మారిపోయింది. తలుపు వదిలేసింది. అక్కడే గుమ్మంలో చతికిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను చెప్పులు విడవకుండా అలాగే నిలబడ్డాను. చెప్పేయడానికి అప్పుడు చాలా సమయం ఉంది. నిమిషం కన్నా ఎక్కువే ఉంది.

"లోపట్కి రా," అంది చివరికి, ముక్కు చీదుకుంటూ. "గట్లనే నిలబడ్డవేంది, కొరియర్ తెచ్చినోని లెక్క. అన్నా, గుండు నీకు జర గూడ మంచిగ లేదు. అచ్చం నాన్న లెక్కనే ఉన్నవ్."

"ఊఁ."

"అమ్మ అననే అంటుండె. వాడు పైకి గట్లంటడు గని లోపట గట్ల కాదే అని. నేనే నమ్మకపోతుంటి. నీకు పిచ్చే అని తిడుతుంటి. నిన్ను గూడ మస్తు తిట్టిన అన్నా, ఈ రెండు నెల్లు. మనసుల వెట్టుకోకు."

మనసులో పెట్టుకోకు అని నాతో అంది.

సర్టిఫికెట్టు కాపీలు రెండు తెచ్చి, ముడత పడకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చింది. ఇక ఫోటో ఎలా అని నేను గోడ వైపు చూస్తున్నాను. ఆ చూపును ఆమె ఇంకోలా అర్థం చేసుకుంది.

"ఆగు. అమ్మ పక్కకు నిలబడు. ఒక ఫోటో తీస్త."

నిలబడ్డాను. తీసింది. నాకు వాట్సాప్‌లో పంపింది. టీ తాగి పొమ్మంటే తాగాను. లిఫ్టు నాలుగో అంతస్తు నుంచి కిందికి దిగేలోపు ఆ ఫోటో ట్రావెల్స్ అమ్మాయికి వెళ్ళిపోయింది. దండం పెట్టిన చేతుల బొమ్మ ఒకటి జవాబుగా వచ్చింది.

అఫిడవిట్టులో మూడు వాక్యాలున్నాయి. మృతురాలికి నేను కొడుకును. ఆమె అంత్యక్రియలు నా చేతుల మీదుగా జరిగాయి. మా ఆచారం ప్రకారం ఏడాది వరకు నేను సముద్ర ప్రయాణం చేయరాదు. కాగితాల్లో తేడా ఏమీ లేదు. ఆమె సర్టిఫికెట్టులో భర్త పేరు, నా ఆధార్‌లో తండ్రి పేరు ఒకటే. తల్లి పేరు అన్న చోట ఆమె పేరు నేను నా చేత్తో రాశాను. రాస్తున్నప్పుడు ఏ ప్రోగ్రెస్ కార్డూ గుర్తు రాలేదు. ఇంటిపేరు స్పెల్లింగు సరిగ్గా ఉందో లేదో మాత్రం రెండుసార్లు చూసుకున్నాను.

మూడు వారాల్లో డబ్బు వచ్చింది. "ఎట్ల ఇచ్చిండ్రు?" అని మాధవి అడిగింది. "అడిగితే ఇచ్చిండ్రు," అన్నాను. మాధవి నా తల వైపు చూసింది. వెంట్రుకలు అప్పుడే మొలుస్తున్నాయి. మళ్ళీ అడగలేదు. ఇప్పటికీ అడగలేదు. ఆమెకు తెలుసునని నాకు తెలుసు. ఇంకెక్కడికైనా వెళ్దామన్న మాట ఆ తర్వాత మా ఇంట్లో రాలేదు. ఆ డబ్బు దేనికి ఖర్చయిందో నాకు గుర్తు కూడా లేదు. స్కూలు ఫీజు కావచ్చు. కారు ఇన్సూరెన్సు కావచ్చు.

స్వప్న ఆ ఫోటోను పెద్దది చేయించి ఫ్రేము కట్టించింది. ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకూ చూపిస్తుంది. మా అన్న జర మొండోడు, గని రెండు నెల్లకైనా తనంతట తనే పోయి గుండు చేయించుకున్నడు అని చెబుతుంది. కాక ఆ ఫోటో చూసి నాకు ఫోన్ చేసి ఏడ్చాడు. ఏడాదికి సంవత్సరీకం వచ్చినప్పుడు స్వప్న నన్నే కూర్చోబెట్టింది. నువ్వుండంగ నేనెందుకు అంది. కూర్చున్నాను. ఏడుసార్లు కూర్చున్నాను. చేయించేది అదే పంతులుగారు, మొదటి రెండుసార్లు ఆయన ముఖం చూడలేకపోయాను. పార్కింగు నుంచి ఫోన్ చేసింది నేనేనని ఆయనకు గుర్తుందా? గుర్తుంటే ఎందుకు మాట్లాడలేదు?

మూడో ఏడు స్వప్న బీరువా సర్దుతూ ఒక కవరు నా చేతిలో పెట్టింది. అమ్మ దాచింది, నీదే అంది. నా ఆరో తరగతి ప్రోగ్రెస్ కార్డు. బ్లేడుకు చిరిగిన చోట వెనక నుంచి కాగితం ముక్క అన్నం మెతుకులతో అంటించి ఉంది. మెతుకుల గుర్తులు ఇంకా కనిపిస్తున్నాయి. ముందువైపు ఏమీ రాసి లేదు. గీకిన చోట మళ్ళీ సంతకం పెట్టడానికి ఆమె ప్రయత్నించలేదు. చిరుగు మాత్రం అంటించింది. ముప్పై ఏళ్ళు దాచింది.

అప్పటి నుంచి ఆమె పోయిందన్న సంగతి నాకు తెలుస్తోంది. ఇంతకన్నా బాగా చెప్పలేను. ఆఫీసులో పని మధ్యలో తెలుస్తుంది. అన్నం కలుపుకుంటుంటే తెలుస్తుంది. కానీ ఎవరితో చెప్పను? నేను ఏడ్వాల్సిన ఏడుపు ఎప్పుడో ఏడ్చేశానని అందరూ అనుకుంటున్నారు. సాక్ష్యంగా గోడ మీద ఫోటో ఉంది. ఇప్పుడు గుండు చేయించుకుంటే ఏమిటి కొత్తగా అంటారు. నా దుఃఖాన్ని అది రాకముందే అమ్మేసుకున్నాను. వచ్చాక దానికి చోటు లేదు.

స్వప్నకు చెప్పాలా? చెబితే నా బరువు దిగుతుంది, ఆమె గోడ ఖాళీ అవుతుంది. తల్లి చెప్పిన మాటే నిజమైందన్న నమ్మకం ఆమెకు ఆ ఫోటో వల్ల వచ్చింది. దాన్ని తీసేసుకునే హక్కు నాకుందా? ఇలా అడుగుతున్నది ఆమె మీద దయతోనా, నన్ను కాపాడుకోవడానికా? రెండోదే. మొదటిది కూడా కొంచెం ఉందని రాయబోయి ఆగాను.

ఈ ఆదివారం వెళ్ళి చెప్పేస్తానని కూడా రాయను. రాసి, చెప్పకపోతే, అది ఇంకో అఫిడవిట్టు అవుతుంది.

ఇక్కడిదాకా వచ్చి ఒక్క మాట ఇంకా దాచాను. అది కూడా చెబితే మొత్తం చెప్పినట్టే.

ఆ రోజు స్వప్న ఫోటో తీస్తున్నప్పుడు నేనొక మాట అన్నాను. అది విని ఆమె ఫోన్ కిందికి దించి, మళ్ళీ ఏడ్చి, కళ్ళు తుడుచుకుని అప్పుడు తీసింది. ఏటేటా సంవత్సరీకం నాడు భోజనాల దగ్గర ఆ మాటే చెబుతుంది. మా అన్న పుట్టి బుద్ధెరిగినంక మొదటిసారి అమ్మ అన్నది ఆ దినమే, నేను నా చెవుల్తోటి విన్న అని. అందరూ తలలూపుతారు. నేను విస్తరి వైపు చూస్తుంటాను.

అన్నాను, నిజమే. "అమ్మ ఫోటో మొత్తం పడేటట్టు తీయి" అన్నాను. దండ సగం కోసుకుపోతే ముంబై వాళ్ళు ఒప్పుకోరేమోనని.